చైనావాడికి జామీను

ఆ రోజుల్లో కొత్త లాయరుకి కేసు రావడమూ, మా మెట్ట పొలాలకి వాన రావడమూ ఒకే తీరుగా ఉండేవి. రెండిటి కోసమూ ఆకాశం వైపు చూస్తూ కూర్చోవడం తప్ప మనం చేయగలిగిందేమీ ఉండేది కాదు. తొంభైల మొదట్లో నేను ఆత్మకూరు కోర్టులో చేరినప్పుడు, దుత్తలూరు పక్కల నుంచి లాయరైన మొదటి ఆడపిల్ల నేనేనని మా నాయన బస్సులో పక్క సీటువాళ్ళకి కూడా చెప్పుకున్నాడు. (నాకంటే ముందు ఇంకెవరైనా ఉన్నారేమో నేను విచారించలేదు. అలాంటి విషయాల్లో లోతుగా విచారించడం మంచిది కాదు.) ఆయన బడిపంతులు. కూతురు కోర్టులో నిలబడి మాట్లాడుతుంటే జిల్లా అంతా నిశ్శబ్దంగా వింటుందని ఆయన ఊహ. నిజానికి జరిగేది వేరు. వింజమూరు నుంచో కొండాపురం నుంచో వచ్చిన రైతు మా గది గుమ్మంలో నిలబడి, నన్ను పైనుంచి కిందికి చూసి, "వకీలు గారు లేరా అమ్మా?" అని అడిగేవాడు. "నేనే వకీలుని" అంటే, "అట్నా. సరేలే, ఆయన వచ్చినాక వస్తాం" అని చక్కా పోయేవాడు.

అలా ఖాళీగా కూర్చున్న నా మీద మా మెజిస్ట్రేటు గారి చూపు పడింది. జైల్లో ఉండి, లాయరుని పెట్టుకునే తాహతు లేనివాళ్ళకి కోర్టే ఒక లాయరుని ఏర్పాటు చేస్తుంది. ఆ పనికి తోటి లాయర్లెవరూ ఎగబడరు గనక అది తిన్నగా నా దగ్గరికి వచ్చింది. కోళ్ళు ఎత్తుకుపోయినవాళ్ళు, సారా కాసినవాళ్ళు, పొలం గట్టు మీద తలలు పగలగొట్టుకున్నవాళ్ళు, అందరూ నా క్లయింట్లే. నేను ఆత్మకూరు సబ్‌జైలు గేటు దగ్గరికి రాగానే లోపలి నుంచి "ఉచితం లాయరమ్మ వచ్చిందిరో!" అని కేక వినిపించేది. బయట నన్ను లాయరని ఒప్పుకునేవాళ్ళు లేకపోయినా, లోపల మాత్రం నాకు మంచి పేరుండేదన్నమాట. ఆ కేక వింటే నా నడకే మారిపోయేది.

ఒక వేసవిలో ఉదయగిరి మెజిస్ట్రేటు సెలవు మీద వెళ్ళారు. ఆ కోర్టు పని కూడా మా మెజిస్ట్రేటు గారే చూస్తున్నారు. ఒకరోజు మధ్యాహ్నం ఉదయగిరి పోలీసు జీపు మా కోర్టు ఆవరణలో ఆగింది. వెనకే ఒక బస్సు నిండా జనం. జీపులోంచి ముందు ఎస్సై గారు దిగారు. ఆయనకి చాలా పెద్ద మీసాలుండేవి, ఆ రోజు వాటిని ప్రత్యేకంగా దువ్వుకుని వచ్చినట్టున్నారు. తర్వాత సన్నగా, పొట్టిగా, తెల్లగా ఉన్న ఒక కుర్రవాడు దిగాడు. చిన్న కళ్ళు, నిటారుగా నిలబడ్డ జుట్టు. జనంలో కలకలం రేగింది. "చైనావోడురా! ఉదయగిరి దుర్గం మీద పట్టుకున్నారంట! కొండ కొలతలు తీసుకుంటుండాడంట!"

ఆవరణలో టీ కొట్టు మూసేసి అందరూ కోర్టు హాలు కిటికీలకి వేలాడారు. ఎస్సై గారు గొంతు సవరించుకుని, ముద్దాయి అనుమతి లేకుండా దేశంలోకి వచ్చిన విదేశీయుడని, దుర్గం మీద ఒంటరిగా కూర్చుని ఊరివైపు చూస్తూండగా పట్టుకున్నామని చెప్పారు. ఆ కుర్రవాడు ఏదో ఇంగ్లీషులో చెప్పబోయాడు. ఎవరికీ అర్థం కాలేదు. మెజిస్ట్రేటు గారు రిమాండు రాసి, హాలంతా ఒకసారి కలయజూశారు. సీనియర్లందరూ ఒక్కసారిగా ఏవో కాగితాలు వెతుక్కోవడం మొదలుపెట్టారు. "అమ్మాయ్, ఈయన సంగతి మీరు చూడండి" అన్నారాయన. ఉచితం లాయరమ్మకి అలా అంతర్జాతీయ కేసు వచ్చింది. ఆ క్షణంలో నాకు భయం వేయలేదంటే నమ్మండి. గర్వంతో భయానికి చోటు చాల్లేదు.

భయం మర్నాడు సబ్‌జైల్లో వేసింది. ఆ కుర్రవాడి ఇంగ్లీషు ఎక్కడో కొండల్లో పుట్టింది. నా ఇంగ్లీషు పరీక్షల ముందు చదివే గైడు పుస్తకాల్లో పుట్టింది. ఆ రెండూ అంతకుముందు ఎప్పుడూ ఎదురుపడలేదు. నేను "నీ స్వస్థలం ఎక్కడ?" అని అడిగితే ఆయన తనకి ఆకలిగా లేదన్నాడు. కాసేపటికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చి, మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చుకునేంత వ్యవధి ఇచ్చి మాట్లాడుకున్నాం. అప్పుడు తెలిసింది విషయం. ఆయనది మిజోరం. మద్రాసులో బైబిలు పాఠశాలలో చేరడానికి రైలెక్కాడు. కావలి స్టేషన్లో నీళ్ళకోసం దిగితే రైలు కదిలిపోయింది. పెట్టె, సర్టిఫికెట్లు, చెప్పులు అన్నీ రైలుతోబాటు మద్రాసు పోయాయి. "ఇక్కడ చర్చి ఎక్కడుంది?" అని అడిగితే, ఎవరో పుణ్యాత్ముడు ఉదయగిరి బస్సెక్కించాడు, అక్కడ మిషను వాళ్ళుంటారు పో అని. ఉదయగిరిలో దిగాడు. ఎదురుగా కొండ కనబడింది.

"మరి చర్చికి పోకుండా కొండెక్కావేం?" అన్నాను.

"మా ఊరి కొండ అలాగే ఉంటుంది, మేడమ్. ఇల్లు వదిలాక నాకు కనబడిన మొదటి కొండ అది" అన్నాడు.

ఇల్లు గుర్తొచ్చి కొండెక్కడం ఏ సెక్షను కింద నేరమో నాకు తెలియలేదు.

మీ అక్కో అన్నో ఎవరైనా ఉన్నారా, వాళ్ళకి కబురు పెడదాం అన్నాను. అక్క ఉందనీ, పోలీసుశాఖలో పనిచేస్తుందనీ చెప్పాడు. "ఆ మాట ఎస్సైగారికి చెప్పలేదా?" అంటే, "చెప్పాను. అందరూ చాలాసేపు నవ్వారు" అన్నాడు.

ఆ రోజే వాళ్ళ ఊరి చర్చికి టెలిగ్రాం ఇచ్చాను. అది అన్ని కొండలు దాటి చేరడానికీ, అక్కణ్ణుంచి మనిషి రావడానికీ ఎంతకాలం పడుతుందో ఆత్మకూరు పోస్టాఫీసులో ఎవరూ చెప్పలేకపోయారు. ఈలోగా బెయిలు పిటిషను వేశాను. వేశాక తెలిసింది ఆ చట్టంలో ఉన్న మెలిక. మామూలు కేసుల్లో నేరం చేశాడని పోలీసులు రుజువు చేయాలి. ఈ కేసులో మాత్రం, నేను విదేశీయుణ్ణి కాదు మహాప్రభో అని పట్టుబడ్డవాడే రుజువు చేసుకోవాలి. ఈ సంగతి పీపీ గారు, అంటే ప్రభుత్వం తరఫు వకీలు గారు, నిండు కోర్టులో నాకు పాఠం చెప్పినట్టు చెప్పారు. "ఈమె క్లయింటు భారతీయుడైతే రుజువు చూపించమనండి. అట్లాగే ఈయన కోసం జామీను ఉండేవాళ్ళు ఈ తాలూకాలో ఎవరైనా ఉన్నారేమో అడగండి" అన్నారు.

"నేనుంటానండీ" అనేశాను.

హాలంతా ఘొల్లుమంది. మెజిస్ట్రేటు గారు మాత్రం నవ్వలేదు. "లాయరు వాదించాలమ్మా, జామీను ఉండకూడదు. సొంత ఆస్తి ఉన్న స్థానికులు ఇద్దరిని తీసుకురండి. వారం తర్వాత వింటాను" అన్నారు.

ఆ ఆదివారం దుత్తలూరు పోయి ఇంట్లో ఇదంతా చెప్పుకుని ఏడ్చినంత పని చేశాను. మా నాయన తీవ్రంగా ఆలోచించి, "మిజోరం మన దేశంలో ఉండాదని మ్యాపు చూపిస్తే సరిపోతుంది గదా, మా బడిలో పెద్ద మ్యాపు ఉండాది" అన్నాడు. మా అమ్మ మా ఊరి చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆమెకి మ్యాపుల మీద అంత నమ్మకం లేదు. "తల్లిదండ్రుల్ని వదిలి అంత దూరం వచ్చిన బిడ్డ, ఆదివారం పూట ప్రార్థన లేకుండా ఉండాడు. పదండే" అని ఆ మధ్యాహ్నమే సమాజం ఆడవాళ్ళందరినీ ఆత్మకూరు బస్సెక్కించింది. జైలరుని బతిమాలి, ఖైదీలతో ప్రార్థన చేసుకోడానికి అనుమతి తీసుకున్నాం.

లోపలి వరండాలో చాప పరుచుకుని మా వాళ్ళు పాట ఎత్తుకున్నారు. మిషను దొరల కాలం నుంచి మా ఇళ్ళల్లో పాడుతున్న పాట. మా ఆడవాళ్ళ పద్ధతి ఒకటే. అందరూ ఒకే గొంతుతో, శక్తికొద్దీ. రెండో చరణంలో ఉండగా కటకటాల వెనక నుంచి ఇంకో గొంతు కలిసింది. అదే పాట, వేరే భాష. పైగా ఆ గొంతు మా రాగం పాడటం లేదు. దాని కింది నుంచి ఇంకో దారిలో నడుస్తూ, మా పాటని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నట్టు వస్తోంది. మా అమ్మ పాడటం ఆపేసింది. నాకు ఊహ తెలిశాక ఆమె పాట మధ్యలో ఆపడం అదే మొదలు. సమాజం వాళ్ళు తడబడి ఆగిపోయారు. కొండల కుర్రవాడు ఒక్కడే కళ్ళు మూసుకుని చివరిదాకా పాడాడు. ఆయన గదిలోనే ఉన్న కోడిదొంగ ఒకడు తలకి చుట్టిన తువ్వాలు తీసేశాడు.

"ఏందే, వీణ్ణా చైనావోడన్నది?" అంది మా అమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "మనబిడ్డే వీడు. మన పాటకి అడుగుభాగం ఇన్నాళ్ళూ వీళ్ళకాడ ఉండిపోయింది."

వారం గడిచింది. విచారణ రోజు మా నాయన బడిలోని మ్యాపుని చుట్టి భుజాన వేసుకుని, మా అమ్మ స్త్రీల సమాజంతో సహా, కోర్టుకి వచ్చారు. ఉదయగిరి నుంచి ఎస్సై గారితోబాటు ఒక పెద్దాయన వచ్చాడు. కొండ కింద పొలాలూ, కొండ మీద మేకలూ ఉన్న ఆసామి. దుర్గం మీద కుర్రవాణ్ణి మొదట చూసి స్టేషనుకి కబురు పంపింది ఆయనే. పోలీసులకి ముఖ్యమైన సాక్షి.

నేను లేచి, భారతదేశ పటాన్ని చూపించడానికి అనుమతి కోరాను. బంట్రోతూ, మా నాయనా చెరోవైపు పట్టుకుని మ్యాపు విప్పారు. కాశ్మీరు వచ్చింది, ఢిల్లీ వచ్చింది, కలకత్తా వచ్చింది. ఆ తర్వాత తూర్పు మూల రాలేదు. అక్కడ చెదలు తినేసిన పెద్ద కన్నం, అందులోంచి బంట్రోతు చొక్కా గుండీ కనబడుతోంది. మా నాయన మొహం పాలిపోయింది. పీపీ గారు నెమ్మదిగా దగ్గరికి వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, కన్నంలోకి తొంగిచూసి, "మిజోరం ఇదేనాండీ?" అన్నారు.

నవ్వులు సద్దుమణిగేదాకా నేను టేబుల్ అంచు పట్టుకుని నిలబడ్డాను. నాకు కోపం వచ్చింది. అంత కోపం నాకుందని అప్పటిదాకా నాకే తెలియదు. తిన్నగా ఎస్సై గారి వైపు తిరిగాను. (బెయిలు వాదనలో అలా పోలీసు అధికారిని ప్రశ్నలడిగే పద్ధతి లేదు. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదో, తెలిసీ మరిచిపోయానో ఇప్పుడు చెప్పలేను.)

"ఎస్సై గారూ, మీరు భారతీయులేనా?"

"అదేం ప్రశ్నమ్మా? నేను సబ్ఇన్‌స్పెక్టర్ని!"

"అది మీ ఉద్యోగం. దేశం అడుగుతున్నాను. ఇప్పటికిప్పుడు రుజువు చూపించండి."

ఆయన చేయి తనకి తెలియకుండానే పై జేబు దగ్గరికి పోయింది. అక్కడి నుంచి కింది జేబుకి. చివరికి మీసాల దగ్గర ఆగింది. మెజిస్ట్రేటు గారు ముందుకి వంగి, "మీ దగ్గరుందామ్మా రుజువు?" అని నన్నడిగారు. నేను ఇలాంటిదేదో వస్తుందని తయారుగా ఉన్నాను. బ్యాగులోంచి మా ఇంటి రేషన్‌కార్డు తీసి సగర్వంగా అందించాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కిరసనాయిలుకి రుజువు" అని వెనక్కి ఇచ్చేశారు. "అంటే, ఈ హాల్లో ఉన్నవాళ్ళం ఎవరమూ రుజువు చేసుకోలేమన్నమాట" అని తనలో తను అన్నట్టు అంటూ, ఒక్క నిమిషం తన చొక్కా జేబు వైపు చూసుకున్నారు.

తర్వాత కుర్రవాడిని ముందుకి పిలిచి, "నువ్వు చెప్పుకునేదేమైనా ఉందా?" అని ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగారు. ఆ కుర్రవాడు చేతులు జోడించి, నిటారుగా నిలబడి, స్పష్టంగా తెలుగులో అన్నాడు:

"ఏంది సామీ ఇది? నేను మీవోణ్ణే గదా!"

సబ్‌జైల్లో కోడిదొంగ ఆయనకి తెలుగు మాస్టారని నాకు అప్పుడు అర్థమైంది. పాఠాలు బాగా సాగాయి. అంతటితో ఆగకుండా పక్కకి తిరిగి, సాక్షుల వరసలో ఉన్న మేకల ఆసామిని చూసి, మొహమంతా వెలిగిపోతూ, "పెద్దాయనా! బాగుండావా? మేకలు బాగుండాయా?" అని పలకరించాడు.

పీపీ గారు చివాలున లేచారు. "చూశారా యువరానర్! ఈ కొద్ది రోజుల్లోనే భాష నేర్చేశాడు. తర్ఫీదు పొందిన గూఢచారికి తప్ప ఇది సాధ్యం కాదు!"

"అయితే మా నాయన దగ్గర ఏళ్ళతరబడి చదివినా తెలుగు రాని పిల్లలందరూ నికార్సయిన భారతీయులండీ" అన్నాను. మా నాయన వెనక నుంచి "నిజమేనండీ" అన్నాడు. ఆయన ఏ ఉద్దేశంతో అన్నాడో గాని, మెజిస్ట్రేటు గారు రుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

అప్పుడు మేకల ఆసామి ఎవరూ పిలవకుండానే లేచి నిలబడ్డాడు.

"సామీ, నేనొక మాట చెప్పాల. ఆ రోజు కొండ మీద ఈ పిల్లోడికి దాహమైతే మజ్జిగ పోసింది నేనే. పోసినాక భయమేసి కబురు పంపింది కూడా నేనే. మొహం కొత్తగా ఉండాదని భయపడినాను, అంతే. జైల్లో పెట్టించినోణ్ణి చూసి మేకలు బాగుండాయా అని అడుగుతుండాడు. మా అల్లుడు ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా అడిగినాడా? వీడు పరాయోడు ఎట్టవుతాడు? నేనుంటా జామీను. ఏడ వేలిముద్ర వెయ్యాల్నో చెప్పండి."

"నువ్వు మా సాక్షివయ్యా!" అని పీపీ గారు ఆక్రోశించారు.

"సాక్ష్యం కూడా చెప్తాలెండి. మజ్జిగ తాగినాడని చెప్తా" అన్నాడు పెద్దాయన.

రెండో జామీనుదారు మా నాయన. కన్నం పడ్డ మ్యాపుని మళ్ళీ చుట్టి చంకలో పెట్టుకుని, దుత్తలూరులో ఉన్న మా చేను పట్టా కాగితాల మీద సంతకం చేశాడు. కుర్రవాడు మా ఇంట్లోనే ఉండాలి, రోజూ స్టేషన్లో సంతకం పెట్టాలి, ఆ షరతులతో బెయిలు వచ్చింది. నా జీవితంలో కాస్త గట్టిగా పోరాడి గెలిచిన మొదటి బెయిలు అది. బయటికి వచ్చాక ఏం మాట్లాడాలో తెలియక, "ఇంక ఇంటికి పోదాం, తమ్ముడూ" అన్నాను. ఆ తర్వాత ఆయన నన్ను మేడమ్ అనలేదు. అక్కా అన్నాడు.

మా ఇంట్లో ఉన్న రోజుల్లో తమ్ముడు మా స్త్రీల సమాజాన్ని నాలుగు గుంపులుగా విడగొట్టి, ఒకే పాటని తలా ఒక రాగంలో కలిపి పాడటం నేర్పించాడు. ఆదివారం పాట మొదలైతే దారిన పోయేవాళ్ళు సైకిళ్ళు దిగి వినేవాళ్ళు. స్టేషన్లో రోజూ సంతకం పెట్టిన తర్వాత కానిస్టేబుళ్ళు ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇప్పించేవాళ్ళు. మేకల ఆసామి రెండుసార్లు ఉదయగిరి నుంచి పెరుగు తెచ్చి ఇచ్చి పోయాడు.

ఎండలు తగ్గుముఖం పట్టాక ఒకరోజు మా కోర్టు ఆవరణలోకి ఒకామె వచ్చింది. పొట్టిగా, చురుగ్గా ఉంది. ఖాకీ దుస్తులు ఇస్త్రీ మడత నలగకుండా ఉన్నాయి. అన్ని రైళ్ళు మారి వచ్చిన మనిషిలా అనిపించలేదు. భుజం మీద మూడు నక్షత్రాలు. తమ్ముడి అక్క. ఆమె ఇన్‌స్పెక్టరు.

ఉదయగిరి ఎస్సై గారు ఆ రోజు వేరే కేసు మీద వచ్చి టీ తాగుతున్నారు. గ్లాసు ఎక్కడ పెట్టారో గాని, రెండు మడమలూ కలిసిన చప్పుడు కోర్టు హాల్లోకి వినిపించింది. అలాంటి సెల్యూట్ నేను పరేడు మైదానంలో కూడా చూడలేదు. ఆమె హిందీలో ఆయన్ని చాలాసేపు ఏదో అడిగింది. ఆయనకి హిందీ రాదు. ప్రతి ప్రశ్నకీ "జీ మేడమ్" అన్నారు. మెజిస్ట్రేటు గారి ముందు ఆమె తమ్ముడి గురించి చెప్పాల్సిందంతా చెప్పింది. పొరపాటున పట్టుకున్నామని పోలీసులే రిపోర్టు ఇచ్చుకున్నారు. కేసు మూసేశారు. ఎస్సై గారు తమ్ముడి దగ్గరికి వచ్చి, కాస్త తంటాలు పడి, "ఏమనుకోబాకు నాయనా" అన్నారు. ఆయన అంత మాట అనగలరని నేను అనుకోలేదు. ఆ మీసాల వెనక ఒక మంచి మనిషి ఉన్నాడని ఇప్పటికీ నా నమ్మకం.

మెజిస్ట్రేటు గారు లేవబోతూ ఆగి, నా వైపు చూసి, "బాగా చేశారు, అడ్వకేట్ గారూ" అన్నారు. అప్పటిదాకా ఆయన నన్ను అమ్మాయ్ అనో, అమ్మా అనో పిలిచేవారు.

ఆ సాయంత్రం అక్కనీ తమ్ముణ్ణీ నెల్లూరు బస్సెక్కించి, నేను దుత్తలూరు బస్సెక్కాను. మామూలుగా కోర్టు అయిపోగానే నల్లకోటు మడిచి సంచిలో పెట్టేసుకునేదాన్ని. ఆ రోజు మాత్రం, ఆ ఉక్కలో, బస్సులో, మెడలో తెల్ల బ్యాండుతో సహా కోటు వేసుకునే కూర్చున్నాను. నిటారుగా. ఎవరైనా అడుగుతారని. కండక్టరు అడగలేదు, టిక్కెట్టు చింపి ఇచ్చి పోయాడు. అనంతసాగరం దాటినా ఎవరూ అడగలేదు. చివరికి ఉండబట్టలేక పక్క సీటులో ఉన్న ఆమెతో నేనే అన్నాను, "ఇయ్యాల నేనొక కేసు గెలిచినాను" అని.

"అట్నా. మంచిదేలే తల్లీ" అని ఆమె తన ఒళ్ళో ఉన్న చంటిబిడ్డని నా ఒళ్ళోకి నెట్టి, "కాస్త పట్టుకో, నేను కునుకు తీస్తా" అంది. దుత్తలూరు వచ్చేదాకా బిడ్డని పట్టుకునే ఉన్నాను. దిగేసరికి కోటు ముందుభాగం తడిసి ముద్దయింది. నేను నవ్వుకుంటూ ఇంటికి నడిచాను.

ఆ తర్వాత చాలా కేసులు గెలిచాను, కొన్ని ఓడిపోయాను. పెద్ద కోర్టుల మెట్లు కూడా ఎక్కాను. ఇప్పుడు నా గది గుమ్మంలో వకీలు గారు లేరా అని ఎవరూ అడగరు. కానీ ఎప్పుడైనా ఆ దారిన బస్సులో పోతున్నప్పుడు, ముందు సీట్లో చెమటలు కక్కుతూ, ఒళ్ళో పరాయి బిడ్డతో, ఎవరో ఒకరు అడుగుతారని అటూ ఇటూ చూస్తూ కూర్చున్న ఆ పిల్ల నాకు కనిపిస్తుంది. లేచి పోయి ఆ పిల్ల పక్కన కూర్చుని, "ఏం కేసమ్మా అది? మొదటినుంచీ చెప్పు" అని అడగాలనిపిస్తుంది.